పళ్ల తెలుపు – శుభ్రత ఎంతవరకు? సింగారం ఎంతవరకు?

ఇంట్లో నికాహ్ కుదిరిందంటే చాలు, బట్టలు, నగలు, విందు ఏర్పాట్లతో పాటు మరో చర్చ కూడా మొదలవుతుంది. అమ్మాయి పళ్లు కాస్త పసుపుగా ఉన్నాయి, నెల రోజుల్లో తెల్లగా రావాలంటే ఏం చేయాలి? ఒకరు నిమ్మకాయ, వంటసోడా కలిపి రుద్దమంటారు. మరొకరు ఉప్పు, బొగ్గుపొడి మేలంటారు. ఇంకొకరు ఏదో పార్లరులో గంటలో తెల్లగా చేస్తారని చెబుతారు. ఈలోగా ఇంట్లోని ఓ పెద్దాయన, ‘అల్లాహ్ ఇచ్చిన పళ్లను మార్చడం పాపం కాదా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సరైన సమాధానం తెలియక కొందరు శుభ్రతను కూడా వదిలేస్తున్నారు. మరికొందరు అసలా ప్రశ్నే పట్టించుకోకుండా ఉన్న పళ్లను పాడుచేసుకుంటున్నారు. అందుకే ఈ విషయాన్ని షరీఅత్ వైపు నుంచీ, వైద్యం వైపు నుంచీ కలిపి పరిశీలించాలనుకున్నాం.

ముందుగా శుభ్రత సంగతి. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నోటి శుభ్రతకు ఎంత ప్రాధాన్యమిచ్చారో హదీసు గ్రంథాలు చూస్తే తెలుస్తుంది. తన సముదాయానికి భారమవుతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను తప్పనిసరి చేసి ఉండేవారని ఆయన (స) తెలిపినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మిస్వాక్ నోటిని పరిశుద్ధం చేస్తుందని, ప్రభువు ప్రసన్నతకు కారణమవుతుందని నసాయీ గ్రంథంలోని మరో ఉల్లేఖనం చెబుతోంది. ఆయన (స) రాత్రి నిద్ర లేచినప్పుడు నోరు శుభ్రం చేసుకునేవారని హజ్రత్ హుజైఫా (రజి) చెప్పారు. ఇంట్లోకి రాగానే మొట్టమొదట చేసే పని మిస్వాకేనని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. మనం బయటికి వెళ్లేటప్పుడు నలుగురి కోసం నోరు శుభ్రం చేసుకుంటాం. ఆయన (స) ఇంట్లోకి వచ్చేటప్పుడు, ఇంటివారి కోసం కూడా చేసుకునేవారు. రోజంతా పాన్, బీడీలతో గడిపి, అదే నోటితో భార్యాపిల్లల దగ్గర కూర్చునే సోదరులు ఈ హదీసును తమ మీదికి అన్వయించుకుని చూడాలి.

ఇక చివరి అనారోగ్యంలో జరిగిన సంఘటన చాలామందికి తెలిసిందే. హజ్రత్ ఆయిషా (రజి) సోదరుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) చేతిలో మిస్వాక్‌తో లోపలికి వచ్చారు. దైవప్రవక్త (స) చూపు దాని మీద నిలిచింది. ఆమె దాన్ని తీసుకుని, నమిలి మెత్తగా చేసి ఇచ్చారు. నిలబడే శక్తి లేని స్థితిలో కూడా ఆయన (స) ఎంతో శ్రద్ధగా పళ్లు తోముకున్నారు.

కాబట్టి పళ్ల మీది పాచినీ, మరకనూ తొలగించుకోవడం ధర్మంలో లోపం కాదు, అదే సున్నత్. మరి నిషేధం ఎక్కడుంది?

సృష్టిని మార్చడం అంటే

అందం కోసం పళ్ల మధ్య అరగదీయించుకుని సందులు చేయించుకునే స్త్రీలను శపించడం జరిగిందని, ఆ పని అల్లాహ్ సృష్టిని మార్చడమేనని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. బుఖారీ, ముస్లింలలో నమోదైన ప్రామాణిక హదీసు ఇది. ఆ కాలంలో పడుచుపిల్లల ముందరి పళ్ల మధ్య ఉండే చిన్న సందును అందంగా భావించేవారు. వయసు మళ్లిన స్త్రీలు చిన్నవారిలా కనబడాలని పళ్లను ఆకురాయితో అరగదీయించుకునేవారు. ఇమామ్ నవవీ (రహ్మ) ఈ హదీసును వివరిస్తూ, ‘అందం కోసం’ అన్న షరతును గమనించమన్నారు. చికిత్స కోసమో, పంటిలోని లోపాన్ని సరిదిద్దడానికో చేస్తే అభ్యంతరం లేదని ఆయన స్పష్టం చేశారు.

లోపాన్ని సరిదిద్దడానికి మరో ఆధారం హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం. ఇస్లాంకు ముందు జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన రాసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారంతో చేయించుకోమని సలహా ఇచ్చారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ అవసరం ఆ నిషేధాన్ని సడలించింది. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లోని ఈ హదీసు ఆధారంగానే ఫిఖహ్ పండితులు కదిలే పంటికి బంగారు తీగ కట్టించుకోవడం వంటివాటిని చర్చించారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే గీత ఎక్కడుందో అర్థమవుతుంది. టీ మరక, పాన్ మరక, పేరుకున్న గార సృష్టిలో భాగం కాదు, మనం తెచ్చిపెట్టుకున్నవి. వాటిని తీసేయడం సృష్టిని మార్చడం కాదు, సృష్టిని బయటపెట్టడం. పంటి ఆకారాన్ని ముట్టకుండా రంగును కాస్త తేటపరిచే మందుల విషయంలోనూ, హాని లేనప్పుడు, చాలామంది నేటి పండితులు అభ్యంతరం చెప్పలేదు. కానీ ఆరోగ్యంగా ఉన్న పళ్లను సినిమావాళ్ల పళ్లలా కనబడాలని అరగదీయించి, వాటి మీద పింగాణీ పొరలు అతికించుకోవడం వేరు. దాని కోసం పంటి పైపొరను కొంత చెక్కేయాలి. చెక్కింది మళ్లీ రాదు. ఇది హదీసులో చెప్పిన అరగదీతకు చాలా దగ్గరగా ఉందని మా అభిప్రాయం. విరిగిన పంటికో, పుట్టుకతో లోపమున్న పంటికో అదే పని చేయిస్తే అది చికిత్స అవుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ‘అందమైన పళ్లు’ అన్న ఊహ కాలాన్నిబట్టి మారిపోతుంది. ఒకప్పుడు మన ముస్లిం ఇళ్లలో స్త్రీలు పళ్లకు ‘మిస్సీ’ పెట్టుకునేవారు. అది పళ్లనూ, చిగుళ్లనూ నల్లబరిచే పొడి. పెళ్లయిన స్త్రీ సింగారంలో అదొక భాగం. నానీమాల కాలంలో నలుపు కోసం పొడి వెతికారు, ఇప్పుడు మనం తెలుపు కోసం వెతుకుతున్నాం!

అసలు పళ్లు తెల్లగా ఉంటాయా?

ఆరోగ్యమైన పన్ను కాగితంలా తెల్లగా ఉండదు. పంటి పైన ఎనామిల్ అనే గట్టి పొర ఉంటుంది. శరీరం మొత్తంలో అంతకన్నా గట్టి పదార్థం లేదు. అందులో 96 శాతం దాకా ఖనిజమే. ఆ పొర కొంత పారదర్శకంగా ఉంటుంది. దాని కింద డెంటిన్ అనే లేత పసుపు పొర ఉంటుంది. మనకు కనిపించే రంగు ఎక్కువగా ఆ లోపలి పొరదే. పాలపళ్లు తెల్లగా ఉండి, ఏడేళ్ల వయసులో వచ్చే శాశ్వత దంతాలు వాటి పక్కన పసుపుగా కనబడటం సహజం. దాన్ని చూసి తల్లులు కంగారుపడి పిల్లాడి పళ్లను గట్టిగా రుద్దుతుంటారు. అవసరం లేదు. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పసుపు ఇంకాస్త తేలడం కూడా సహజమే.

ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు. ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది. అరిగిపోయిన ఎనామిల్ మాత్రం తిరిగి పెరగదు. లాలాజలంలోని ఖనిజాలు, పేస్టులోని ఫ్లోరైడు కొద్దిగా మెత్తబడ్డ పొరను మళ్లీ గట్టిపరచగలవు, అంతే. ఇంటి చిట్కాలన్నింటినీ తూచడానికి ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు.

ఇప్పుడు నిమ్మకాయ సంగతి చూద్దాం. నోట్లో ఆమ్లత్వం పి.హెచ్. 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పి.హెచ్. 2, 3 మధ్య ఉంటుంది. నిమ్మచెక్కతో రుద్దగానే పళ్లు తెల్లబడ్డట్టు కనిపించే మాట నిజమే. అది మరక పోయి వచ్చిన తెలుపు కాదు, పైపొర గరుకై సుద్దలా కనబడుతోంది. కొన్నాళ్లు అలాగే చేస్తే ఎనామిల్ పలచబడి లోపలి పసుపు ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. చల్లని నీళ్లు తాగితే జివ్వుమనడం అప్పుడే మొదలవుతుంది. అంటే తెలుపు కోసం చేసిన పనే పసుపును శాశ్వతం చేస్తుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపితే వచ్చే నురగను చూసి మురికి పొంగుతోందనుకుంటారు. అది ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వచ్చే వాయువు మాత్రమే. పైగా ఆ మిశ్రమంలో ఏది ఎక్కువైందో కొలిచేవారెవరు?

విడిగా వంటసోడా అంత ప్రమాదకరమైంది కాదు. అది ఎనామిల్ కన్నా మెత్తనిది, పైపైన ఉన్న టీ మరకలను కొంత తీస్తుంది. అందుకే కొన్ని పేస్టుల్లో కూడా దాన్ని వాడతారు. అయితే అందులో ఫ్లోరైడు ఉండదు, పిప్పిపళ్ల నుంచి కాపాడదు. కాబట్టి పేస్టుకు బదులుగా వాడకూడదు. వారానికి ఒకసారి, మెత్తని బ్రష్షుతో, వత్తకుండా వాడితే సరిపోతుంది. బొగ్గుపొడి ఇప్పుడు ‘యాక్టివేటెడ్ చార్‌కోల్’ అనే కొత్త పేరుతో నల్లటి ట్యూబుల్లో తిరిగి వచ్చింది. 2017లో అమెరికా దంతవైద్యుల సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష, దాని వల్ల పళ్లు తెల్లబడతాయనడానికీ, అది సురక్షితమనడానికీ తగిన ఆధారాలు లేవని తేల్చింది. ఇటుకపొడి, ఇసుక, ఊకబూడిద గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాటితో రుద్దితే ఇత్తడి బిందె మెరుస్తుంది. పన్ను అరుగుతుంది.

మిస్వాక్, వేపపుల్ల, బ్రష్షు

మనవాళ్లు మిస్వాక్ అని కొనే పుల్ల ఎక్కువగా అరాక్ చెట్టు వేరు. ఉర్దూలో పీలు అంటారు. అందులో సహజంగా ఉండే సిలికా మరకలను మెల్లగా తీస్తుంది. సూక్ష్మక్రిములను అడ్డుకునే పదార్థాలు కూడా అందులో ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఇంట్లోనే పళ్లను తెల్లగా ఉంచుకునేందుకు ఇంతకన్నా చౌకైనది లేదు. కానీ వాడే పద్ధతి తెలియాలి. చివర వేలి గోరంత మేర బెరడు తీసి, కాసేపు నీళ్లలో నానబెట్టి, నమిలి కుంచెలా చేసుకోవాలి. చిగురు నుంచి పంటి కొన వైపుకు మెల్లగా తోమాలి. అడ్డంగా రంపంలా లాగితే చిగుళ్లు దిగిపోతాయి. పాతబడిన కుంచెను రోజూ కత్తిరించి కొత్తది చేసుకోవాలి. కొందరు సోదరులు ఒకే పుల్లను నెలల తరబడి జేబులో పెట్టుకుని, చెమటతో, చిల్లరతో కలిపి, నమాజు ముందు తీసి నోట్లో పెట్టుకుంటారు. నోటిని పరిశుద్ధం చేసేది తాను పరిశుద్ధంగా ఉండవద్దా?

అరాక్ దొరకని చోట వేపపుల్ల, కానుగపుల్ల మన పల్లెల్లో ఉన్నవే. బ్రష్షుతో తోమినా నోటి శుభ్రత అనే ఉద్దేశ్యం నెరవేరుతుందని పండితులు చెప్పారు. మా సలహా ఏమిటంటే, వుజూ సమయాల్లో మిస్వాక్, ఉదయం ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి ఫ్లోరైడు పేస్టుతో బ్రష్షు. ఒక్కోసారి రెండు నిమిషాలు తోమాలి. మిస్వాక్ పంటి వెనక భాగానికి, దవడ పళ్ల చివరికి అందడం కష్టం. అక్కడే గార పేరుకుంటుంది. పుల్లటి పండ్లు, చింతపండు పులుసు, కూల్‌డ్రింకు తర్వాత వెంటనే తోమకుండా నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగడం మంచిది. ఆమ్లంతో మెత్తబడ్డ పొరను బ్రష్షు ఇంకా త్వరగా అరగదీస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మించాలి.

పేస్టు హలాలేనా అని కొందరు అడుగుతుంటారు. అనుమానమంతా గ్లిజరిన్ మీద. అది మొక్కల నూనెల నుంచి వస్తుంది, జంతువుల కొవ్వు నుంచి కూడా వస్తుంది. ప్యాకెట్ మీద శాకాహార గుర్తు ఉన్నది కొంటే ఈ సందేహానికి తావుండదు. బ్రష్షుల కుచ్చు నేడు దాదాపు అంతటా నైలానే. నైలాన్ కుచ్చు బ్రష్షు 1938లో వచ్చింది. అంతకుముందు పంది వెంట్రుకలతో చేసేవారు కాబట్టే మన పెద్దలకు ఆ జంకు ఉండేది.

గార గురించి ఒక అపోహను తొలగించాలి. ‘గార తీయిస్తే పళ్లు వదులైపోతాయి’ అని మన ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. పాచి రాయిలా గట్టిపడితే గార అవుతుంది. అది చిగురు కిందికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను తినేసేలా చేస్తుంది. పన్ను అప్పటికే వదులై ఉంటుంది. పక్కపక్క పళ్లను గార సిమెంటులా కలిపి ఉంచడం వల్ల అది తెలియదు. గార తీయగానే తెలుస్తుంది, నెపం డాక్టరు మీద పడుతుంది. గారను ఏ మిస్వాకూ, ఏ పేస్టూ తీయలేదు. దంతవైద్యుడి దగ్గర శుభ్రం చేయించుకోవాల్సిందే. చాలామందికి ఆ ఒక్క పనితోనే, ఏ మందూ లేకుండా, పళ్లు రెండు ఛాయలు తేటపడతాయి. డబ్బు ఇబ్బంది ఉన్నవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి.

తోమితే పోని మరకలు

కొన్ని మరకలు పంటి లోపల ఉంటాయి. గర్భవతిగా ఉన్నప్పుడో, ఎనిమిదేళ్లలోపు వయసులోనో టెట్రాసైక్లిన్ మందు వాడితే పళ్లు బూడిద రంగులో వస్తాయి. మన ప్రాంతంలో ఇంతకన్నా పెద్ద సంగతి ఫ్లోరోసిస్. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ పేరు దీనితో ఎలా ముడిపడిపోయిందో చెప్పనవసరం లేదు. లోతైన బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే, పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లలకు పళ్ల మీద సుద్దలాంటి చారలు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. అది మురికి కాదు, తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. ఆ పిల్ల తాగిన నీళ్లలో ఉన్న దోషం ఆ పిల్ల పంటిమీద తేలింది.

అయినా పెళ్లిచూపుల్లో ఈ పళ్లను చూసి ‘అమ్మాయి శుభ్రంగా ఉండదేమో’ అని గుసగుసలాడేవారున్నారు. ఒకరిని ఎగతాళి చేయవద్దని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో స్త్రీపురుషులిద్దరినీ విడివిడిగా హెచ్చరించింది. ఆ మాటలు పడలేక ఆడపిల్లలు ఇసుకపొడులతో రుద్దుకుని చిగుళ్లు చీల్చుకుంటారు. వారి తల్లిదండ్రులకు మేము చెప్పేది, రుద్దడం మాన్పించి డాక్టరుకు చూపించండి. తేలికపాటి మచ్చలను పైపొరను కాస్త మెరుగుపట్టి తగ్గించవచ్చు. తీవ్రంగా ఉంటే తొడుగులు వేస్తారు. ఇది లోపాన్ని సరిదిద్దడమే కాబట్టి, ఇమామ్ నవవీ (రహ్మ) చెప్పిన మినహాయింపు దీనికి వర్తిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు తాగే నీటిని పరీక్ష చేయించండి.

లోపలి మరకల కోసం వాడేవి పెరాక్సైడు మందులు. డాక్టరు పంటి అచ్చు తీసి, దానికి సరిపడే పలచని ట్రే చేసి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇస్తారు. రాత్రిపూట రెండు వారాలపాటు ఇంట్లోనే పెట్టుకోవాలి. 1989 నుంచి ప్రపంచంలో వాడుకలో ఉన్న పద్ధతి ఇది. కొన్నాళ్లు పళ్లు జివ్వుమనడం మామూలే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్ధెనిమిదేళ్లలోపు వారు వాడకూడదు. పిప్పిపళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటికి చికిత్స జరగాలి. తొడుగులు, సిమెంటు నింపిన పళ్లు రంగు మారవు, పక్కవాటి మధ్య తేడాగా కనబడతాయి. మందులషాపులో పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొని పళ్లకు పూసుకోవడం, పార్లరువాళ్ల చేత గాఢమైన మందు పెట్టించుకోవడం ఎంతమాత్రం వద్దు. తనకు హాని చేసుకోకూడదు, ఇతరులకు హాని చేయకూడదన్నది హదీసు ఆధారంగా ఏర్పడిన షరీఅత్ మూలసూత్రం. పెళ్లి ఒక్క రోజు. పళ్లు జీవితాంతం.

ఉపవాసంలో

రమజాన్‌లో మిస్వాక్ మానేసేవారు ఎక్కువ. దైవప్రవక్త (స) ఉపవాసంలో లెక్కలేనన్నిసార్లు మిస్వాక్ చేయగా చూశానని హజ్రత్ ఆమిర్ బిన్ రబీఆ (రజి) చెప్పినట్లు తిర్మిజీలో ఉంది. హనఫీ పండితుల వద్ద రోజంతా చేయవచ్చు. షాఫియీ పండితులు మధ్యాహ్నం పొద్దువాలిన తర్వాత ఇష్టపడలేదు. పేస్టు సంగతికొస్తే, గొంతులోకి దిగే భయం ఉంది గనుక సహరీ ముగిసేలోపు, ఇఫ్తార్ తర్వాత వాడుకోవడం క్షేమం. ఉపవాసి నోటి వాసన అల్లాహ్ వద్ద కస్తూరికన్నా మేలైనదన్న హదీసును కొందరు తోముకోకపోవడానికి సాకుగా వాడతారు. అది ఖాళీ కడుపు వల్ల వచ్చే వాసన గురించిన మాట. రాత్రి తిన్న కబాబు పళ్ల సందుల్లో కుళ్లి వచ్చే వాసన గురించి కాదు. పచ్చి వెల్లుల్లి తిన్నవారిని మస్జిదుకు దూరంగా ఉండమన్న హదీసు కూడా బుఖారీలోనే ఉంది.

ఇక పాన్, గుట్కా, ఖైనీ. వీటి మరకలు పోగొట్టుకోవడం ఎలాగని అడిగేవారికి, మానకుండా ఎంత తోమినా వారం తిరక్కుండానే మళ్లీ వస్తాయని చెప్పక తప్పదు. పొగాకు కలిపిన పళ్లపొడిని భారత ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా చిగుళ్ల నొప్పికి మంచిదని పొగాకు పొడితో తోమే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. పొగాకు లేని వట్టి వక్క హానిలేనిదన్న భ్రమ కూడా ఉంది. వక్కను సైతం క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చిన నివేదికను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. వక్క నమిలేవారికి బుగ్గలోపలి చర్మం క్రమంగా బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది.

మీ ఇంట్లో వీటిని నమిలేవారుంటే, పళ్ల రంగు కన్నా ముందు వారి నోటి లోపలి భాగాన్ని వెలుతురులో చూడండి. బుగ్గల లోపలా, నాలుక పక్కనా తుడిచినా పోని తెల్లమచ్చ ఉందా, ఎర్రమచ్చ ఉందా, మూడు వారాలైనా మానని పుండు ఉందా చూడండి. మూడు వేళ్లు నిలువుగా పెట్టి నోట్లో పట్టించమనండి. పట్టకపోయినా, పైవాటిలో ఏ ఒక్కటి కనబడినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆ వారంలోనే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.